కత్తెరతో గీసిన రవికెలు

పనామా దేశపు ఉత్తరతీరమున, కరిబియన్ సముద్రములో, గునా యాల అను ప్రాంతమందు 300కు మించిన చిన్నదీవులు కొబ్బరితోపులను నెత్తిన మోసికొని నీటిపై తేలుచున్నట్లుండును. మిత్రుని తెరచాపనావలో ఆ దీవుల నడుమ తిరిగిన దినములలో ఈదుటయు, చేపలు పట్టుటయు, ఇసుకలో పడి నిద్రించుటయు అన్నియు జరిగినవి గాని, మోర్మకేదుబ్ దీవిలో ఏ పనియు పెట్టుకొనక గడపిన ఒక్క పగటికి అవి యేవియు సాటిరావు. మోలాలు కుట్టు దీవి యని ఆ పేరునకే అర్థము. ఒడ్డున దిగి, ఊరిపెద్దయైన సాగ్లాకు కనబడి, చెల్లింపవలసిన రుసుము చెల్లించి, ప్రతి చెట్టునకును యజమాని కలడు గనుక రాలిన కొబ్బరికాయనైనను ముట్టరాదని మిత్రునిచే హెచ్చరింపబడి, రెల్లుగోడల సందులవెంట నడచితిని.

ఒక వాకిట పొట్టిపీటపై, ముక్కున బంగారు బులాకియు పిక్కలనిండ పూసలకట్లును గల వృద్ధురాలొకతె ఒడిలో ఎఱ్ఱగుడ్డ పెట్టుకొని కుట్టుచుండెను. ఆమె తలయెత్తలేదు, నేను కదలలేదు. చేపయు అరటికాయయు కొబ్బరిపాలలో ఉడికిన పులుసు లోపలినుండి ఘుమఘుమలాడువఱకు అచ్చటనే నిలిచితిని.

మోలా అనగా మొదట వస్త్రమే. నేడు ఈ దీవుల ఆదివాసులైన గునా స్త్రీలు తొడుగు రవికెకును, దాని రొమ్ముమీదను వీపుమీదను కుట్టు రెండు చిత్రపుముక్కలకును అదియే పేరు. పూర్వము ఈ చిత్రములను ఒడలిమీదనే వ్రాసికొనెడివారనియు, వర్తకుల నూలుగుడ్డ వచ్చినపిదప అవి గుడ్డమీదికి దిగినవనియు చెప్పుదురు. నాగెగిర్యాయి అను స్త్రీ పురుషులకు ప్రవేశము లేని ఒక దివ్యస్థలమునకు పోయి ఈ నమూనాలన్నియు నేర్చివచ్చినదని వారి గాథ. ఆ వృద్ధురాలి వ్రేళ్ళను చూచినవానికి ఆ గాథను శంకింప బుద్ధిపుట్టదు.

పని ఇట్టిది. రెండుమొదలు నాలుగైదు రంగుల గుడ్డలను పొరలుగా పేర్చి కచ్చాకుట్టు వేయుదురు. పైగుడ్డమీద సన్నని గీత గీసి, దానివెంట అంగుళమో రెండంగుళములో మాత్రమే కత్తిరించి, తెగిన అంచును సూదిమొనతోనే లోపలికి మడిచి, ఆ గుడ్డరంగు దారముతోనే క్రిందిపొరకు పట్టించి, అటుపిమ్మటనే మరల కత్తెర పట్టుదురు; ఒక్కమాటున కత్తిరించినచో పోగులు లేచి అంచు చెడును. పైపొర తెరచినచోట రెండవరంగు, రెండవది తెరచినచోట మూడవది వెలువడును. బొంత కుట్టు మన అవ్వ గుడ్డపై గుడ్డ చేర్చుచు పోవును. ఈ అవ్వ గుడ్డలోనుండి గుడ్డను త్రవ్వి తీయును. అన్నిటికంటె కష్టము లోపలిమూల. అచ్చట మడత నిలువదు. ఆమె కత్తెరమొనతో రెండు పోగుల మేర గాటుపెట్టి, అంచును సూదితో క్రిందికి త్రోసి, బొటనవ్రేలితో నొక్కిపట్టి, మూడు కుట్లు వేసినది. పిదప నేనడుగగా గుడ్డ చేతికిచ్చినది. ముక్కుదగ్గర పెట్టుకొని వెదకితిని. ఆ మూడు కుట్లును నాకు దొరకలేదు!

మంచి మోలాలో గీతలన్నియు ఒకే వెడల్పున పరుగెత్తును, మూలలు పదునుగా తిరుగును, ఎచ్చటను బోసిస్థలము మిగులదు. ముందుముక్కయు వెనుకముక్కయు ఒకే భావమునకు రెండు రూపములు. కవలలవలె పోలియుండును గాని ఒకదానికొకటి నకలు కాదు. జతను ముగించుటకు నెలలు పట్టును. స్త్రీస్వభావముతో పెరిగి స్త్రీలతోడనే కూర్చుండి కుట్టు పురుషులను వారు ఒమెగీద్ అందురు. వారి చేతిపనికి ఊరంతయు తలవంచును. నా మిత్రునకు చిలుకలును చేపలును గల మోలాలు ప్రీతి. నేను పాతపక్షమువాడను: ఎఱుపు, నలుపు, నారింజరంగులలో పద్మవ్యూహమువలె చుట్టుకొనిపోవు పూర్వపు గీతలముందు ఆ చిలుకలన్నియు వట్టి పిల్లలబొమ్మలు.

ఈ రవికెకై రక్తము చిందినది. పనామా పోలీసులు మోలాను, బులాకిని, పూసలకట్లను బలాత్కారముగా తీయించుచుండగా, 1925 ఫిబ్రవరిలో నెలే కాంతులే, సిమ్రాల్ కోల్మన్ అను నాయకుల వెంట గునాలు తిరుగబడిరి. మార్చిలో క్లీవ్లండ్ అను అమెరికా యుద్ధనౌకపై సంధి జరిగి, వారి ఆచారములు వారికి దక్కినవి. తుపాకి తీయలేని రవికెను నేడు చౌకసరకు తీయుచున్నదే! నేను ముందుగా నగరములోని ఒక దుకాణమున మోలా యని కొన్నది బసలో తిప్పిచూడగా, వెనుక యంత్రపుకుట్టు వంకరటింకరగా పోవుచున్నది, పొరలమధ్య జిగురు గట్టిపడియున్నది. అట్టివానిని అమ్మువానికంటె తిప్పిచూడక కొన్న నాబోటివాడే పెద్ద దోషి. 2000లో పనామా ప్రభుత్వము ఆదివాసుల సామూహిక కళాస్వత్వమును శాసనముచే గుర్తించినది. ఐనను 2019లో నైకీ సంస్థ మోలాగీతలను పాదరక్షలకు తగిలించి, వానిని ప్యూర్టోరికోకు అర్పించిన గౌరవముగా విడుదల చేయబూనినది. గునాలు ఎలుగెత్తిన పిదపగాని మానుకొనలేదు. పరులసొత్తును తీసికొనుటయే గాక దానికి వేఱొకరి పేరుకూడ పెట్టుటయా! ఇది చాలదన్నట్లు సముద్రమే పైకి వచ్చుచున్నది: గార్దీ సుగ్దుబ్ దీవినుండి సుమారు 300 కుటుంబములు 2024 జూన్‌లో తీరభూమికి తరలవలసివచ్చినది. ఆ క్రొత్త యిండ్ల వాకిళ్ళలోను పొట్టిపీటలు పడవలెనని నా కోరిక.

సాయంకాలము వృద్ధురాలు తాను తొడిగి విడిచిన రవికెనుండి విప్పిన ముక్కను చూపినది. చంకదగ్గర రంగు వెలిసియున్నది, అంచున పాతకుట్ల రంధ్రములున్నవి. మిత్రుడు సగము ధరకు బేరమాడగా, ఆమె మాటాడక దానిని మడిచినది. నేను అడిగినంత ఇచ్చితిని. అప్పుడు లోపలికి పోయి వెనుకముక్కను తెచ్చి నా చేతిలో పెట్టినది; అది లేక ఇది అమ్మదట. మీరెవరైనను ఆ దీవులకు పోయినచో, మోలాను తిప్పి చూడుడు, బేరమాడకుడు, జతను విడదీసి కొనకుడు.