నీళ్లు ఆరిపోయాక

చిలకరింపా, ముంచుడా? తెలుగు క్రైస్తవుల్లో బాప్తిస్మం మీద వాదన ఎప్పుడు లేచినా ఇక్కడే మొదలై ఇక్కడే ఆగిపోతుంది. ఎన్ని నీళ్లన్నది దళితుల ప్రశ్న కాదు. ఊరబావి ముట్టనివ్వని కులాలకు నీళ్లతోనే గౌరవమిస్తామని చర్చి మాటిచ్చింది. ఆ మాట నిలబడిందా?

మెథడిస్టు సిద్ధాంతంలో బలం లేకపోలేదు. మనిషి ఏ పుణ్యమూ చేయకముందే దేవుని కృప వాడికి ఎదురొస్తుందని జాన్ వెస్లీ బోధ. అందుకే పసిబిడ్డకూ బాప్తిస్మం. పుట్టుకే పూర్వజన్మ పాపఫలమనే కర్మ సిద్ధాంతానికి ఇంతకన్నా సూటి జవాబేముంది? మెదక్ ప్రాంతంలో వెస్లియన్ మిషన్‌లో చేరిన మాల మాదిగలు గంజి కోసమే పోయిన్రని ఎగతాళి చేసేవాళ్లు ఈ సంగతి చూడరు.

వెస్లియన్ సంఘాలు 1947లో దక్షిణ ఇండియా సంఘంలో కలిశాయి. అమెరికన్ మెథడిస్టుల సంఘాలు విడిగా ఉండి 1981లో మెథడిస్ట్ చర్చ్ ఇన్ ఇండియా అయ్యాయి. రెండు చోట్లా బిడ్డ తలమీద నీళ్లు పడ్డప్పుడు సంఘం కూడా ఆ బిడ్డ బాధ్యత తీసుకుంటుంది. అదే బిడ్డ పెళ్లీడుకొచ్చాక అదే సంఘం "మీరేమిట్లు?" అని అడుగుతుంది. మాదిగ పిల్లగాడికి మాల పిల్లనివ్వడానికి బాప్తిస్మం చాలదు!

రాజ్యం చేసేది ఇంకోటి. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు హిందువులకే షెడ్యూల్డు కులాల హోదా ఇచ్చింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవ దళితుడు బయటే. మన రాష్ట్రాల్లో వాడు బీసీ-సీ, వాటా ఒక్క శాతం. అందుకే చర్చిలో ఒక పేరు, సర్టిఫికెట్‌లో ఒక పేరు. నలుగురి ముందు సాక్ష్యంగా ఉండాల్సిన బాప్తిస్మం దాచుకోవాల్సిన రహస్యమైంది. పేరు దాచినవాణ్ణి దొంగ అనే ముందు, ఆ పరిస్థితి తెచ్చిందెవరో అడగాలి.

ఇక మన యువకులు పెంతెకొస్తు సభల్లో మళ్లీ మునుగుతున్నారు. ఒకసారి ఇచ్చింది చాలు, రెండోసారి లేదంటారు మెథడిస్టు పాస్టర్లు. సిద్ధాంతం ప్రకారం అది సరైందే. కానీ ఆ పిల్లలు వెతికేది ఎక్కువ నీళ్లు కాదు, తమ నోటితో తాము చెప్పుకునే ఒక నిర్ణయం. కన్ఫర్మేషన్‌ను ఫొటోల పండగ చేసిన సంఘానికి వాళ్లను తప్పుపట్టే హక్కు తక్కువే.

1927లో మహద్ చెరువు నీళ్లు తాగినప్పుడు అంబేద్కర్ అడిగింది దాహం తీర్చమని కాదు, మనుషులుగా ఒప్పుకోమని. బాప్తిస్మపు తొట్టి దగ్గర కూడా అదే అడగాలి. సంఘం చేసే ప్రమాణంలో కులం పేరెత్తాలి. పిల్లనిస్తాం, పిల్లను తెచ్చుకుంటాం అని బిడ్డ ముందే ఒప్పుకోవాలి. అది చెప్పలేని సంఘం చిలకరించినా ముంచినా తేడా ఏముంది?