తెర నుంచి పుటకు: 'ఎవాంజెలియన్' అనిమే, మాంగాల తులనాత్మక పరిశీలన

అనుసృజనను గురించిన మన విమర్శ చాలావరకు ఒకే దిశలో నడిచింది. నవల సినిమాగా మారినప్పుడు ఏమి పోయింది, ఏమి చేరింది అన్నదే మనం వేసుకుంటూ వచ్చిన ప్రశ్న. తెర నుంచి పుటకు వచ్చిన రచనలు మనకు లేకపోలేదు. ముళ్లపూడి వెంకటరమణ వంటివారి వెండితెర నవలలు అందుకు నిదర్శనం. అయితే వాటిని సినిమాకు అనుబంధంగా చూడటమే ఎక్కువ. జపాన్‌లో అనిమే నుంచి మాంగా వెలువడటం ప్రచురణరంగంలో సాధారణ విషయం. అక్కడా ఇటువంటి మాంగాను ద్వితీయశ్రేణి సరుకుగా భావించే ధోరణి ఉంది. ఈ భావన ఎంతవరకు నిలుస్తుందో 'నియాన్ జెనెసిస్ ఎవాంజెలియన్' ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా కాలక్రమం చూడాలి. అన్నో హిదెఆకి దర్శకత్వంలో గైనాక్స్ సంస్థ నిర్మించిన ఈ అనిమే 26 భాగాలుగా 1995 అక్టోబరు నుంచి 1996 మార్చి వరకు ప్రసారమైంది. మాంగా మాత్రం 'షోనెన్ ఏస్' పత్రికలో 1994 డిసెంబరులోనే మొదలైంది. అంటే అనుసృజన మూలంకంటే దాదాపు పది నెలలు ముందుగా పాఠకుల చేతికి వచ్చింది. ముగింపు మాత్రం 2013లో గాని రాలేదు. మాంగాకర్త సదమోతో యోషియుకి అనిమేలోని పాత్రలకు రూపకల్పన చేసిన చిత్రకారుడు కూడా. షింజి, రెయి, అసుకాల ముఖాలు తెరపైన, పుటపైన ఒకే చేతిలో పుట్టాయి. కాబట్టి మూలవిధేయత అనే కొలమానం ఇక్కడ మొదటే బీటలు వారుతుంది. మాంగాను అనిమే సంక్షిప్తంగా కాక, అనిమే నిర్మాణంలో భాగస్వామి అయినవాడు పద్దెనిమిదేళ్లపాటు దానిపై రాసుకున్న వ్యాఖ్యానంగా చదవడమే సముచితమని నా అభిప్రాయం.

కథ తెలిసినదే. మహావిపత్తు తరువాతి ప్రపంచంలో 'ఏంజెల్స్' అనే శత్రువులతో పోరాడే భారీ యంత్రదేహాలను పద్నాలుగేళ్ల పిల్లలు నడుపుతారు. అగ్నిపర్వతగర్భంలో సాగే పదవ భాగంవంటి సాహసఘట్టాలను మాంగా పూర్తిగా విడిచిపెట్టింది. ఈ తగ్గింపుల జాబితా వల్ల పెద్ద ప్రయోజనం లేదు. మిగిలిన స్థలాన్ని సదమోతో దేనికి వాడుకున్నాడన్నదే ముఖ్యం. అనిమేలోని షింజి కుంచించుకుపోయే బాలుడు, మాటిమాటికీ క్షమాపణ చెప్పేవాడు. మాంగాలోని షింజి వెటకారి, ఎదురుతిరిగేవాడు. అతని ఆలోచనలు గళ్లలో నేరుగా అక్షరాలై కనిపిస్తాయి. అనిమేలో మౌనం వెనుక ఏముందో ప్రేక్షకుడు ఊహించుకోవాలి. మాంగా ఆ మౌనానికి మాట ఇచ్చింది. దీన్ని స్పష్టత అని మెచ్చుకునేవారున్నారు. ఆ మెప్పుతో నేను పూర్తిగా ఏకీభవించలేను. చెప్పుకోలేకపోవడమే షింజి వేదనలో సగం.

మాంగాలో నిర్దాక్షిణ్యం కూడా ఎక్కువే. శత్రువు వశమైన మూడవ యంత్రంలో ఉన్న సహాధ్యాయి తోజి అనిమేలో కాలు కోల్పోయి బ్రతుకుతాడు, మాంగాలో మరణిస్తాడు.

రెండు మాధ్యమాల భేదం అత్యంత తీవ్రంగా వ్యక్తమయ్యేది కవోరు ఘట్టంలో. అనిమేలో కవోరు ప్రత్యక్షంగా కథలోకి వచ్చేది 24వ భాగంలో మాత్రమే. ఆ ఒక్క భాగంలోనే స్నేహం, ఆప్యాయత, ద్రోహం, వధ ముగిసిపోతాయి. అందువల్ల అతని ప్రేమ షింజికి అయాచితవరంలా తోస్తుంది. మాంగాలో అతడు చాలా ముందే ప్రవేశిస్తాడు. అనాథ పిల్లికూనను చంపి, అది దయేనన్నట్టు మాట్లాడతాడు. షింజి అతన్ని అసహ్యించుకుంటాడు, అయినా దూరం చేసుకోలేడు. మానసిక వాస్తవికత దృష్ట్యా ఇదే బలమైన చిత్రణ.

కాని వధ దగ్గరకు వచ్చేసరికి త్రాసు తిరగబడుతుంది. అనిమేలో యంత్రహస్తంలో కవోరు చిక్కుకుని ఉన్న చిత్రం సుమారు ఒక నిమిషంపాటు కదలకుండా నిలిచిపోతుంది. నేపథ్యంలో బీథోవెన్ తొమ్మిదవ సింఫనీ బృందగానం సాగుతూనే ఉంటుంది. చలనచిత్రం తన చలనాన్ని తానే నిరాకరించిన క్షణమిది. విచిత్రమేమంటే, నిశ్చలచిత్రం మాంగాకు సహజ లక్షణం, అయినా ఈ నిశ్చలత మాంగాకు అసాధ్యం. పుటమీద బొమ్మ ఎప్పుడూ కదలదు గనుక దాని కదలకపోవడానికి ప్రత్యేకార్థం లేదు. పైగా పుట తిప్పే అధికారం పాఠకుడిది. ఇష్టంలేని క్షణాన్ని అతడు దాటిపోగలడు. అనిమే ప్రేక్షకుడికి ఆ వెసులుబాటు లేదు. నిర్ణయం తీసుకోలేక బిగుసుకుపోయిన షింజితోపాటు అతడూ కూర్చోవలసిందే. 22వ భాగంలో రెయి, అసుకాలు లిఫ్టులో మాటాడుకోకుండా నిలుచున్న దీర్ఘదృశ్యం కూడా ఇటువంటిదే. మాంగా కోల్పోయినది కథాంశాన్ని కాదు, కాలంమీద అధికారాన్ని.

శబ్దం మరొక నష్టం. ఋతువులు నశించి నిత్యగ్రీష్మం ఆవరించిన ఆ జపాన్‌లో చిమటల రొద అనిమే అంతటా వినిపిస్తుంది. దానికి పుటమీద ప్రత్యామ్నాయం లేదనే అనుకున్నాను, చివరి అధ్యాయం చదివేవరకు. అక్కడ మంచు కురుస్తుంది. గతం గుర్తులేని షింజి పునర్జన్మించిన లోకంలో చదువుకోసం రైల్లో ప్రయాణిస్తాడు, అసుకాను పోలిన అమ్మాయి తారసపడుతుంది. ఋతువు తిరిగివచ్చిందని చెప్పడానికి శబ్దం అవసరం లేదు, మంచు నిశ్శబ్దంగానే పడుతుంది. అదే కథకు 1997 నాటి చలనచిత్రం ఎర్రని సముద్రతీరంలో, అసుకా గొంతు నులుముతూ ఏడ్చే షింజితో, ఆమె ఏవగింపు మాటతో ముగింపు పలికింది. మాంగా ఓదార్పునిచ్చింది. అయితే జ్ఞాపకం లేనివాడికి దక్కిన ఓదార్పు అది. కవోరును చంపిన షింజికి అందులో చోటెక్కడ? మాంగాలో నాకు మిగిలిన ప్రధానమైన అసంతృప్తి ఇదే.

2021లో అన్నో తన చివరి 'ఎవాంజెలియన్' చలనచిత్రాన్ని కూడా రైలు స్టేషనులోనే ముగించాడు. అక్కడ షింజి పెద్దవాడయ్యాడు. మాంగా ముగింపుకు ఇది ప్రతిధ్వని అని నిరూపించే ఆధారం నా దగ్గర లేదు. అయినా ఈ రెండు స్టేషన్లను పక్కపక్కన ఉంచి చూసే పాఠకుడికి, పుటమీది ముగింపే తెరమీది దానికంటే ఎనిమిదేళ్లు పెద్దది.