ముఖచూర్ణాలలో ఖనిజాలు: ప్రకటన చెప్పేది, చర్మం ఎరిగేది

ముఖానికి రాసుకొనే పొడులు, పూతల పెట్టెల మీద ఇటీవల ‘ఖనిజ’ అనే విశేషణం తరచుగా కనిపిస్తున్నది. ఆ మాట వెనుక సాధారణంగా మూడు వాగ్దానాలు ఉంటవి. ఖనిజం ప్రకృతి ఇచ్చినది కనుక హాని చేయదు. ఇందులో రసాయనాలు లేవు. ఇది చర్మం మీద అద్దంలా నిలిచి ఎండను తిప్పికొడుతుంది. ఈ మూడింటినీ పదవ తరగతి విద్యార్థి పరీక్షించవచ్చు. రసాయనం కాని ఖనిజం ఒకటి ఉన్నదని అతడు ఏ పుస్తకంలోనూ చదివి ఉండడు. అయితే నవ్వి ఊరుకొనే విషయం కాదు ఇది. ఈ పేరు మీద అమ్ముడుపోయే సరుకులలో నిజంగా మేలు చేసేవి ఉన్నవి. ఖనిజ సంబంధమైన వస్తువులలోనే మూత్రపిండాలను చెరిచేవీ ఉన్నవి. ‘ఖనిజ’ అన్న మాట ఈ రెంటినీ వేరుచేయదు.

మొదటి వాగ్దానాన్ని పరీక్షించటానికి మన ప్రాంతంవారు దూరం పోనక్కరలేదు. భీమునిపట్నం, కళింగపట్నం, భావనపాడు తీరాలలో అల వెనుదిరిగిన చోట తెల్లని ఇసుక మీద నల్లని చారలు ఏర్పడుతవి. తూర్పు కనుమలలోని ఖొండలైటు, చార్నకైటు శిలలు యుగాల తరబడి శిథిలమై, నాగావళి, వంశధార వంటి నదుల వెంట సముద్రం చేరగా, బరువైన రేణువులు ఒడ్డున మిగిలి ఇట్లా పోగుపడినవి. వీటిలో ఇల్మనైటు, గార్నెట్, సిల్లిమనైటు, జిర్కాన్, రూటైల్ ఉన్నవి. థోరియం గల మోనజైటు కూడా కొద్దిగా ఉన్నది. ఆ నల్ల ఇసుకలో మామూలు అయస్కాంతం తిప్పితే అంటుకొనేవి చాలావరకు మాగ్నటైటు రేణువులు. ఇల్మనైటును లాగటానికి ఇంకా బలమైన అయస్కాంతం కావలె. గార మండలంలోని వత్సవలస తీరాన ఈ ఇసుకను కొంతకాలం వ్యాపారానికి తవ్వినారు కూడా.

ఇల్మనైటు ఇనుము, టిటానియం, ఆమ్లజని కలిసిన పదార్థం. రంగు నలుపు. ముఖచూర్ణంలో తెల్లదనాన్నిచ్చే టిటానియం డయాక్సైడుకు ఇదే ప్రధానమైన ముడిసరుకు. నల్లనిది తెల్లనిది కావటానికి దానిని గంధకికామ్లంలో కరిగించి ఇనుమును వేరుచేయవలె. లేదా క్లోరిన్‌తో చర్య జరిపి, వచ్చిన టిటానియం క్లోరైడును శుద్ధిచేసి ఆమ్లజనిలో మండించవలె. మొదటి పద్ధతి తిరువనంతపురం కర్మాగారంలోను, రెండవది కొల్లం జిల్లా చవర కర్మాగారంలోను చూడవచ్చు. ఇంతటి ఆమ్లం, ఇంతటి క్లోరిన్ దాటివచ్చిన పొడిని ‘రసాయనాలు లేనిది’ అనటం ఎంత సాహసం! నిజానికి అది కర్మాగారం దాటి వచ్చినందుకే సంతోషించవలె. ప్రకృతి దానిని ఇచ్చిన రూపంలోనే, మోనజైటు రేణువులతో సహా, చెక్కిళ్లకు పూసుకోవలెనని ఎవరూ కోరరు.

ఇక చర్మం మీద ఇది చేసే పని. రూటైల్ రూపంలోని టిటానియం డయాక్సైడు వక్రీభవన గుణకం సుమారు 2.7, వజ్రానిది 2.4 మాత్రమే. చర్మపు జిడ్డుకు అది 1.5కు దగ్గరగా ఉంటుంది. ఇంత తేడా ఉన్నచోట వెలుతురు విపరీతంగా చెదరుతుంది. అదే మనకు తెలుపుగా తోస్తుంది. మిల్లీమీటరులో నాలుగువేలవ వంతు పరిమాణంగల రేణువులు ఈ పనికి అనువైనవి. చామనచాయ ముఖం మీద ఈ పొడి బూడిద పూసినట్లు కనిపించటానికి కారణం కూడా ఇదే. లోపం ముఖంలో లేదు. వేరొకరి చాయ కోసం కలిపిన పొడిని మనకు అమ్మటంలో ఉన్నది. రేణువులను ఇంకా చిన్నవి చేస్తే తెలుపు తగ్గుతుంది, అతినీలలోహిత కిరణాలను ఆపే శక్తి మాత్రం నిలుస్తుంది.

ఆపటం ఎట్లా? ప్రకటనలలోనే గాక కొన్ని ఆరోగ్య వ్యాసాలలో కూడా కనిపించే అద్దం ఉపమానం ఇక్కడ పొరపాటు. 2016లో ప్రకటితమైన కొలతల ప్రకారం టిటానియం డయాక్సైడు, యశదభస్మం (జింక్ ఆక్సైడు) పూతలు అతినీలలోహిత కిరణాలలో తిప్పికొట్టేది సగటున నూటికి నాలుగైదు పాళ్లే. తక్కిన రక్షణంతా ఆ కిరణాలను పీల్చుకోవటం వల్లనే. అంటే ‘రసాయనిక’ పూతలని నిందించబడే సేంద్రియ పదార్థాలు చేసే పనే ఇవీ చేస్తున్నవి. పీల్చిన శక్తి ఎక్కడికో పోవలె గదా. వెలుతురు సోకిన టిటానియం డయాక్సైడు నీటిని విడగొట్టగలదని 1972లో జపాను శాస్త్రజ్ఞులు ఫుజిషిమా, హోండా చూపినారు. అటువంటి చర్య చర్మం మీద జరిగి తీవ్రమైన ఆమ్లజని రూపాలు పుట్టకుండా, పూతలలో వాడే సూక్ష్మరేణువులకు సిలికా లేక అల్యూమినా తొడుగు వేస్తారు. చర్మపు పైభాగాన మిల్లీమీటరులో యాభయ్యోవంతు మందాన మృతకణాల పొర ఒకటున్నది. గాయంలేని చర్మంలో ఈ రేణువులు ఆ పొరను దాటి లోపలి సజీవకణాలను చేరటం లేదనే పరిశోధనలు చెపుతున్నవి. ఈ విషయంలో భయపెట్టేవారి మాటకన్న చర్మపు శక్తినే నమ్మవచ్చు.

ఇనుప ఆక్సైడుల సంగతి ఇంకొకటి. మంగుమచ్చలు గలవారికి కంటికి కనిపించే వెలుతురు కూడా నలుపును పెంచుతుంది. తెల్లని పూత దానిని అంతగా ఆపలేదు. ఎరుపు, పసుపు ఇనుప ఆక్సైడులు కలిపిన రంగుపూత ఆపగలదు. తుప్పుకు బంధువైన ఈ చవక పదార్థాన్ని ప్రకటనలు ఎందుకో అంతగా పొగడవు. పొలంలో పగలంతా పనిచేసేవారికి తలపాగా, గొడుగు దీనికన్న చవక.

చర్మం గోడ వంటిదైనా ఊపిరితిత్తులు అట్లాంటివి కావు. అంతర్జాతీయ కాన్సర్ పరిశోధనసంస్థ 2006లో టిటానియం డయాక్సైడును ‘కాన్సర్ కలిగించే అవకాశం గలది’ అని వర్గీకరించింది. దానికి ఆధారం ధూళిని పీల్చిన ఎలుకలే గాని పూత రాసుకొన్న మనుషులు కారు. అదే సంస్థ 2024లో టాల్కును అంతకన్న ఒక మెట్టు పైన, ‘బహుశా కాన్సర్ కలిగించేది’ అన్న వర్గంలో చేర్చింది. టాల్కు, ఆస్బెస్టాస్ రెండూ మెగ్నీషియం సిలికేట్లే, ఒకే విధమైన శిలలలో పక్కపక్కన పుట్టగలవు. మన పులివెందుల ప్రాంతం ఆస్బెస్టాస్‌కు పేరుపొందినదే. టాల్కు చర్మాన్ని కరిచే వస్తువు కాదు. కాని పసిపిల్లవాడికి స్నానం చేయించి, పౌడరు డబ్బాను ముఖానికి దగ్గరగా దులిపే అలవాటు మానుకోదగినది.

ఇంతవరకు చెప్పినవి చిన్న సంగతులు. అసలు ఆందోళన పాదరసం. ప్రకృతిసిద్ధమైనదంతా మంచిదే అయితే, ఇంగిలీకం అంతకన్న ప్రకృతిసిద్ధమైన ఖనిజం ఏది? చర్మానికి రంగునిచ్చే మెలనిన్ తయారీకి టైరోసినేజ్ అనే ఎంజైము కావలె. దానికి రాగి ఆధారం. పాదరస లవణాలు ఆ ఎంజైమును కుంటుపరుస్తవి, ముఖం కొన్ని వారాలలో తెల్లబడుతుంది. టిటానియం రేణువులను ఆపిన గోడ ఇక్కడ పనిచేయదు: ఈ లవణాలు చర్మం గుండా రక్తంలోకి పోయి మూత్రపిండాలలో చేరుతవి. కేరళలోని మలప్పురం జిల్లాలో 2021 జూలై, 2023 సెప్టెంబరు మధ్య మూత్రంలో మాంసకృత్తులు పోయే ఒక మూత్రపిండాల వ్యాధి సోకిన 22 మందిని వైద్యులు పరిశీలించినారు. 15 మందిలో అరుదైన ఒకే తరహా కనిపించింది. ఆ 15 మందిలో 13 మంది ముఖాన్ని తెల్లబరచే క్రీములు వాడినవారు. భారతదేశపు 2020 సౌందర్యసాధనాల నిబంధనల ప్రకారం, కళ్లకు వాడేవి తప్ప తక్కిన సరుకులలో అనుకోకుండా కలిసిన పాదరసం కూడా పదిలక్షల పాళ్లలో ఒక పాలు మించరాదు. నిబంధన బాగున్నది, దొంగతనంగా వచ్చే డబ్బా దానిని చదవదు. పెళ్లి నిశ్చయమైన ఆడపిల్ల ‘నెలలో తెలుపు’ కోసం ఆ డబ్బా కొంటున్నది. వాడటం మానగానే పాత రంగు తిరిగి వస్తుంది.

పేరును నమ్మటం ఎంత ప్రమాదమో కంటి విషయంలోనూ చూడవచ్చు. ఆముదపు దీపం మసితో మన ఇళ్లలో పట్టిన కాటుక వట్టి బొగ్గు. సుర్మా రాయి పేరుతో అమ్మేది తరచు గెలీనా, అనగా సీసపు గంధకితం. రెండూ నలుపే. సీసం పిల్లల మెదడును దెబ్బతీస్తుంది. బొగ్గుకు ఆ దోషం లేదు.

ఉపాధ్యాయులు పిల్లలచేత ఇళ్లలోని ఖాళీ పెట్టెలు తెప్పించి సన్నని అక్షరాలను చదివించవచ్చు. సి.ఐ. 77891 అని ఉంటే టిటానియం డయాక్సైడు, 77947 అయితే యశదభస్మం, 77491 ఎర్రని, 77492 పసుపుపచ్చని, 77499 నల్లని ఇనుప ఆక్సైడు. పాదరసం మాత్రం ఈ జాబితాలో దొరకదు; దానిని కలిపేవాడు పెట్టె మీద రాయడు. తయారుచేసినవారి చిరునామా, లైసెన్సు సంఖ్య లేకుండా తొందరగా తెల్లబరుస్తానని చెప్పే డబ్బా ఏదైనా తరగతికి వస్తే, దానిని మూత తీయకుండా పక్కన పెట్టించవలె. ఇంట్లో దానిని వాడినవారు ఎవరో కనుక్కొని, మూత్రపరీక్షకు వైద్యుని వద్దకు పంపవలె.