బధిర నటుడు – విషాద నాటకము

నాటకమనగా చెవులార వినవలసినదని తెలుగువారి చిరకాల విశ్వాసము. హరిశ్చంద్రుని కాటిసీను పద్యమునకు ‘వన్స్ మోర్’ అని కేకలు వేసిన ప్రేక్షకులకు, నోట పలుకని నటుడు విషాద నాయకుడు కాగలడన్న మాట వింతగా తోచును. బధిరుల సంజ్ఞాభాషను మనము ఆంగికాభినయముగా భావించుటయే ఈ వింతకు కారణమని మా యభిప్రాయము. నిజమునకది వాచికము.

కూచిపూడి నర్తకి పట్టు హస్తములు పాటలోని యర్థమును కన్నులకు గట్టించును. బధిరుల సంజ్ఞలు వేరొక పాటకు వ్యాఖ్యానములు గావు. వానికి తమవైన పదములును, వ్యాకరణమును కలవు. కనుబొమలెత్తిన వాక్యము ప్రశ్న యగును. తల అడ్డముగా త్రిప్పిన, లేదను నర్థము వచ్చును. కావున బధిర నటుని ముఖము భాషను, భావమును ఏకకాలమున మోయవలెను. అతని వాచికమును సైతము విమర్శకుడు తూచవలెను గాని, జాలితో చప్పట్లు కొట్టి ఊరకుండరాదు.

2022లో అమెరికాలోని డెఫ్ వెస్ట్ నాటక సంస్థ, లాస్ ఏంజిలిస్‌లోని గెట్టీ విల్లాలో గ్రీకు విషాద నాటకమైన ‘ఈడిపస్’ను ప్రదర్శించెను. నాయక పాత్రను బధిర నటులు రస్సెల్ హార్వర్డ్ ధరించిరి. కథాంతమున ఈడిపస్ తన కన్నులు తానే పొడుచుకొనును. బధిరునకు కన్నులే చెవులు గదా! చూపుతోపాటు ఎదుటివారి మాటయు అతనికి దూరమగును. పాత కథ కిట్లు క్రొత్త లోతు కలిగినది.

మనకును అట్టి నాటక మొకటి కలదు. బళ్లారి వాస్తవ్యులు ధర్మవరం రామకృష్ణమాచార్యులవారు (1853–1912) రచించిన ‘విషాద సారంగధర’ అది. సవతితల్లి చిత్రాంగి మోపిన నిందను నమ్మి, రాజరాజనరేంద్రుడు కుమారునకు కాలుసేతులు నరుకు శిక్ష విధించును. నోట పలుకు నటునకది శరీరదండనము. చేతులతో పలుకు నటునకో, అది నాలుక కోత. తన నిర్దోషిత్వమును ఏ చేతులతో విన్నవించుకొనెనో, ఆ చేతులనే తండ్రి తెగవేయించును.

ఈ ప్రయోగమునకు బెంగళూరు తగిన తావు. ఇచట తెలుగు, కన్నడ, తమిళ, ఉర్దూ కుటుంబములలో పుట్టిన బధిరులు పరస్పరము సంభాషించుకొనుటకు భారతీయ సంజ్ఞాభాష యున్నది. తెలుగు రానివారును మన సారంగధరుని మాటను గ్రహింపగలరు.

అయితే కొన్ని నియమములు తప్పనిసరి. వినగల నటునిచే బధిరుని వేషము కట్టించుట తగదు. పద్యములను సంజ్ఞలలోనికి మార్చుటలో బధిరులే ముందుండవలెను. దీపకాంతి చేతులను, ముఖమును విడువరాదు. చీకటి పడిన, నటుని గొంతు నొక్కినట్లే. ప్రక్కన నిలిచి పద్యము పాడువాడు రాగాలాపనకై నటుని ఆపరాదు. అతని చేతుల వెంటనే నడువవలెను. ఆ చేతులు తెగిన పిదప గాయకుడును మౌనము వహింపవలెను.

పద్యమునకు అలవడిన సభకు ఆ మౌనము భారముగనే యుండును. అయినను మన సంఘముల వారు ఒక్క మారైన దీనిని రంగస్థలమున పరీక్షించి చూడవలెనని మా మనవి.