ముచ్చట పెట్టించే బెంచీ, కులం అడిగే నోరు

ఒకరికొకరు తెలియని మనుషుల్ని కలిపే బహిరంగ స్థలాలు కట్టాలని నగర రూపకర్తలు అంటున్నారు. 2021లో ఆదివారాలు ట్యాంక్‌బండ్ మీద బండ్లు ఆపి జనాన్ని తిరగనిచ్చిన 'సండే ఫన్‌డే' దీనికి మన నమూనా. నగరం మేడ్చల్, శామీర్‌పేట దాకా పాకింది గనుక ఈ ఆలోచన రేపు ఇక్కడి చెరువు కట్టల మీదికీ వస్తది. ఆలోచన మంచిదే. కానీ అది ఏ మనిషిని ఊహించుకుని పుట్టింది? మా పేచీ అక్కడ.

విలియం వైట్ అనే అమెరికన్ న్యూయార్క్ కూడళ్లను ఏళ్ల తరబడి గమనించి 1980లో పుస్తకం తెచ్చాడు. ఇద్దరు కొత్తవాళ్ల మధ్య శిల్పమో, వీధి గాయకుడో, ఏదో ఒక మూడోది ఉంటే మాట కలుస్తుందన్నాడు. మన దగ్గర ఆ మూడోది ఏం చేసింది? కారంచేడులో అది చెరువు. తాగే నీళ్లు పాడుచేయొద్దని అడిగిన పాపానికి 1985 జులై 17న ఆరుగురు మాదిగలను చంపారు. చుండూరులో అది సినిమా తెర. హాల్లో కాలు తగిలిందన్న గొడవ 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితుల హత్య దాకా పోయింది. నీళ్లు ఒక్కటే, తెర ఒక్కటే. మనుషులు మాత్రం సమానం కాలేదు.

ముచ్చట దానంతటదే మంచిదా? మన దగ్గర అదెట్ల మొదలైతది? "ఏ ఊరు? ఎవరి పిలగానివి? ఇంటిపేరేంది?" మూడో ప్రశ్నకు కులం బయటపడ్తది. అడిగేటోనికి అది పరిచయం, చెప్పేటోనికి పరీక్ష. ఊర్లో దళితుడు ఎన్నడూ అపరిచితుడు కాడు. వాడే అతని చిరునామా. 1948 నవంబర్ 4న రాజ్యాంగ సభలో అంబేడ్కర్, ముసాయిదా గ్రామాన్ని కాదని వ్యక్తిని ప్రమాణంగా తీసుకున్నందుకు సంతోషించింది ఊరికే కాదు. కలయిక సంగతి తర్వాత. ముందు కులం చెప్పకుండా కూర్చునే హక్కు కావాలె.

ఆ హక్కు కొంతైనా దొరికేది సికింద్రాబాద్ నుంచి మేడ్చల్ వచ్చే సిటీ బస్సులో. సీటు దొరికినోళ్లు కూర్చుంటరు, పక్కనెవరని అడగరు. 2023 డిసెంబర్ 9 నుంచి ఆడోళ్లకు టికెట్టు కూడా లేదు. ఏ శిల్పమూ లేకుండానే పనికి పోయే ఆడోళ్లు అక్కడ ఒకరికొకరు తెలుస్తున్నరు. ఇటు ఔటర్ రింగు రోడ్డు చూడండి. ఈ రెండు ఊర్ల పక్కనుంచే పోతది. దాని మీద నడిచేటోనికీ, మోటారు సైకిలోనికీ చోటు లేదు. కారున్నోని వేగం కోసం కట్టిందాన్నీ ప్రజల రోడ్డనే అంటున్నం!

రాజ్యాంగం 15(2) అధికరణ బావులు, చెరువులు, స్నానఘట్టాలు, రోడ్లు, ప్రజలు వచ్చిపోయే చోట్లను పేరు పెట్టి మరీ చెప్పింది. అందుకే శామీర్‌పేట కట్ట మీద ఏది కట్టినా మనం అడగాల్సినవి ఇవి: ఆ జాగ ఇంతకుముందు ఎవరి సాగులో ఉండె? గేటు దగ్గర టికెట్టు ఉన్నదా? కూలికి పోయి వచ్చిన మనిషి చెమట బట్టల్తో కూసుంటే కావలివాడు లేపుతడా? అక్కడి పాయిఖానా కడిగే మనిషి, పని అయినంక అదే బెంచీ మీద కూసోవచ్చా?

చివరి ప్రశ్నకు అవునని రానంత కాలం ఆ బెంచీ ఎంత అందంగా ఉన్నా అది ఊరి అరుగే.