వంపు గీత వెనక 101 చుక్కలు

అనంతపురం జిల్లా సగటు వర్షపాతం ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు. కళ్యాణదుర్గం చుట్టుపక్కల మెట్ట చేలలో వేరుశనగ వేసే రైతుకు ఈ అంకె ఎందుకూ కొరగాదు. ఆయన పదునైతే విత్తుతాడు. ఊడలు దిగేటప్పుడు, కాయ ఊరేటప్పుడు తడి అందితే పంట, అందకపోతే పశువులకు మేత. ఆయన అడిగేది ఒక్కటే: పోయిన కాలం లాంటి కాలం మళ్ళీ ఎన్నేళ్ళకొకసారి వస్తుంది? దీనికి సగటు జవాబు చెప్పలేదు. ఎంత వానకు ఎంత అవకాశం ఉందో చూపే గీత కావాలి.

అలాంటి గీత గణితంలో ఎప్పటినుంచో ఉంది. పేరు గామా విభాజనం. వాన సున్నా కన్నా తక్కువ పడదు. ఎప్పుడో ఒక ఏడు మాత్రం చెరువులు తెగేంత కురుస్తుంది. ఎడమవైపు సున్నా దగ్గర ఆగి కుడివైపు పొడుగ్గా సాగే గామా వక్రంలో ఈ రెండు లక్షణాలూ ఉన్నాయి. 1993లో అమెరికాలోని కొలరాడోలో మెక్‌కీ, డోస్కెన్, క్లైస్ట్ అనే ముగ్గురు తయారుచేసిన ప్రామాణిక అవపాత సూచికకు ఆధారం ఇదే. ఇవాళ చాలా దేశాలు కరువును ఆ సూచికతోనే కొలుస్తున్నాయి.

కాగితం మీద ఈ వక్రం గీయడం చచ్చే చాకిరీ. సాంఖ్యక లెక్కలకు వాడే ఆర్ అనే కంప్యూటర్ భాషలో ఒక్క వరుస రాస్తే చాలు. 1976లో బెల్ ల్యాబ్స్‌లో జాన్ ఛాంబర్స్, ఆయన తోటివాళ్ళు మొదలుపెట్టిన ఎస్ అనే భాష దీనికి పెద్దన్న. న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్ విశ్వవిద్యాలయంలో రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్‌మన్ 1990ల మొదట్లో ఆర్‌ను రాశారు. 2000 ఫిబ్రవరి 29న దాని 1.0.0 సంచిక వచ్చింది. పైసా ఖర్చు లేదు, ఎవరైనా దించుకోవచ్చు.

కర్వ్ అనే ఆదేశం రాసి, బ్రాకెట్లలో ప్రమేయాన్నీ ఎక్స్ విలువ ఎక్కడ మొదలై ఎక్కడ ముగియాలో చెప్పే రెండు హద్దులనూ ఇస్తే తెర మీద గీత వచ్చేస్తుంది. గామా వక్రానికి ఆకారం 8, కొలత 69 అని ఇచ్చి, సున్నా నుంచి 1200 దాకా గీయమందాం. ఈ రెంటినీ గుణిస్తే వక్రం సగటు వస్తుంది: 69 ఇంటూ 8 అంటే 552, మన జిల్లా సగటుకు దగ్గర. ఆ 8 మాత్రం నేను ఉదాహరణకు పెట్టుకున్నది. అసలు విలువను ఊరి వాన లెక్కలే చెప్పాలి.

వచ్చిన గీతను చూడండి. శిఖరం 552 దగ్గర లేదు, 483 దగ్గర ఉంది. పదో తరగతి పాఠంలో అంకమధ్యమం, మధ్యగతం, బాహుళకం అని మూడు చదివాం కదా, ఇక్కడ మూడూ మూడు చోట్ల నిలబడ్డాయి. మధ్యగతం 529 దరిదాపుల్లో ఉంటుంది. ఈ లెక్కన వందేళ్ళలో 55 ఏళ్ళు వాన సగటు కన్నా తక్కువే. 400 మిల్లీమీటర్లు కూడా దాటని ఏళ్ళు 23. ‘సాధారణం కన్నా తక్కువ’ అని పత్రికలు ఏటా గుండెలు బాదుకుంటాయి గానీ, ఇలాంటి వక్రం ఉన్న చోట సగటుకు తగ్గడమే మామూలు సంగతి. అబ్లైన్ అనే ఆదేశంతో 552 దగ్గర ఒక నిలువు గీత దించితే ఈ మాట బడిపిల్లలకు కూడా అర్థమవుతుంది.

ఆ 8ని కొద్దిపాటి ఏళ్ళ లెక్కల నుంచి ఎంత కచ్చితంగా అంచనా వేయగలం? ఇలాంటి అంచనాలకు ఒక హద్దు ఉందని 1945లో నిరూపించిన కల్యంపూడి రాధాకృష్ణారావు 1920లో హడగలిలో పుట్టిన తెలుగువాడు. ఆ ఊరు అప్పట్లో బళ్ళారి జిల్లాలోది. 1882లో అనంతపురం జిల్లా విడిపడింది ఆ బళ్ళారి నుంచే. ఆయనకు 2023లో అంతర్జాతీయ సాంఖ్యకశాస్త్ర బహుమతి ఇచ్చారు. పరిశోధన అచ్చయిన 78 ఏళ్ళకు!

సరే, గీత దగ్గరికి వద్దాం. తెర మీద నున్నగా కనిపిస్తున్నది నిజానికి వంపు కాదు. కర్వ్ ఆదేశం మనమిచ్చిన హద్దుల మధ్య 101 చోట్ల ప్రమేయం విలువ కట్టి, ఆ చుక్కలను తిన్నని గీతలతో కలుపుతుంది. చుక్కకూ చుక్కకూ మధ్య ఏం జరిగిందో దానికి తెలియదు. ఆర్‌లో బొమ్మలు గీసే మరో పనిముట్టు జీజీప్లాట్2 వాడినా అదే 101. ఇది కొత్త పద్ధతేం కాదు. 499లో ఆర్యభటుడు జ్యా విలువలను 225 కళల ఎడంతో 24 చోట్లకే ఇచ్చాడు. 665 నాటి ఖండఖాద్యకంలో బ్రహ్మగుప్తుడు మధ్య విలువలు రాబట్టడానికి తిన్నని గీత సరిపోదని, ఒక మెట్టు పైనున్న సూత్రం చెప్పాడు. కర్వ్ ఆ మెట్టు ఎక్కదు. చుక్కలు దగ్గర దగ్గరగా పెట్టి పని కానిచ్చేస్తుంది.

ఎక్కువసార్లు ఇది చాలు. చాలని చోటే తెలివి కావాలి. సున్నాకూ ఒకటికీ మధ్య వంద అలలు వేసే సైన్ ప్రమేయాన్ని గీయమనండి. చుక్కల మధ్య దూరం 0.01, అల పొడవు కూడా 0.01. ప్రతి చుక్కా అల మొదలయ్యే చోటే పడుతుంది, అన్ని విలువలూ సున్నా రావాలి. కంప్యూటర్ లెక్కలో చివరి స్థానాల్లో మిగిలే నలకంత తేడాలను ఆర్ పెద్దవి చేసి గజిబిజి గీతగా చూపిస్తుంది. నిలువు అక్షం మీద అంకెలు చదివినవాడికే మోసం తెలుస్తుంది. చుక్కల సంఖ్యను చెప్పే ఎన్ విలువను 2001 చేస్తే వంద అలలూ బయటపడతాయి. గొర్రుతో విత్తినట్టు కర్వ్ చుక్కలను సమాన దూరంలోనే వేస్తుంది, నేల ఎక్కడ ఎత్తుపల్లాలుగా ఉందో చూడదు. అడ్డం అక్షాన్ని లాగరిథమ్ కొలతలో అడిగితే మాత్రం చుక్కలను కూడా ఆ కొలత ప్రకారమే సర్దుతుంది. ఈ మర్యాద చాలామందికి తెలియదు.

టాన్ ప్రమేయం సంగతి ఇంకో రకం. సున్నా నుంచి పై దాకా గీయమంటే నడిమి చుక్క పై బై 2 మీద పడుతుంది, విలువ కోటి కోట్లను దాటుతుంది. దానికి చోటివ్వడానికి మిగతా గీతంతా నేలకు అంటుకుపోతుంది. నిలువు హద్దును మైనస్ 10 నుంచి 10 దాకా బిగిస్తే బొమ్మ బాగుపడుతుంది. కానీ నడుమ ఒక నిలువు గీత మిగులుతుంది. అది ప్రమేయంలో లేదు, అటు చుక్కనూ ఇటు చుక్కనూ కలిపినందువల్ల వచ్చింది. పిల్లలు దాన్నీ నోట్సులోకి ఎక్కిస్తారు!

కొత్తవాళ్ళను అన్నిటికన్నా ఎక్కువగా ఏడిపించేది మరొకటి. 300 మిల్లీమీటర్ల లోపు వాన పడితే దిగుబడి సున్నా, పైన పడితే వానతోపాటు పెరుగుతుంది అనే ప్రమేయాన్ని మామూలు ఇఫ్‌తో రాస్తారు. కర్వ్ 101 విలువలను ఒకేసారి చేతిలో పెడుతుంది, ఇఫ్ చూడగలిగేది ఒక్కదాన్నే. 4.2.0 సంచిక నుంచి ఆర్ ఇలాంటిచోట తప్పని చెప్పి ఆగిపోతోంది. అంతకుముందు ఒక హెచ్చరిక పడేసి, మొదటి విలువకు వచ్చిన తీర్పునే అన్నిటికీ రుద్దేది. ఆ మార్పు మంచిదే. ఇఫ్ఎల్స్ వాడినా, ప్రమేయాన్ని వెక్టరైజ్‌లో చుట్టినా చిక్కు తీరుతుంది.

డిగ్రీ కళాశాలల్లో సాంఖ్యకశాస్త్రం చెప్పే అధ్యాపకులకు ఒక విన్నపం. ప్రాక్టికల్స్‌లో ఏటా అదే సైన్ వక్రం ఎందుకు? మండలాల వారీ వాన లెక్కలు ప్రభుత్వం దగ్గర ఉన్నాయి. కళ్యాణదుర్గం, కంబదూరు, శెట్టూరు, కుందుర్పి మండలాల లెక్కలు తెప్పించి ఒక్కో విద్యార్థి చేత ఒక్కో మండలం వక్రం గీయించండి. చుక్కల సంఖ్యను 11కి తగ్గించి ఒకసారి, 1001కి పెంచి ఒకసారి గీయించి, రెండు బొమ్మలనూ రికార్డులో పక్కపక్కనే అతికించమనండి.