మొనాకో వీధుల్లో పందెం ఇంకా రక్తి కడుతోందా?

2024 మే 26న జరిగిన మొనాకో గ్రాండ్ ప్రి ఒక వింత రికార్డు మిగిల్చింది. మొదటి పది స్థానాల్లో బయల్దేరిన పదిమందీ అదే వరుసలో గీత దాటారు. 1950లో ఫార్ములా వన్ ప్రపంచ చాంపియన్‌షిప్ మొదలయ్యాక అలా జరగడం అదే మొదటిసారి. గెలిచిన షార్ల్ లెక్లేర్ ఆ ఊరి బిడ్డ కాబట్టి మొనాకో పండగ చేసుకుంది. టీవీల్లో చూసినవాళ్లకు మాత్రం రెండు గంటలు నీరసంగా గడిచాయి. ముందున్న కారును దాటే వీలే లేని చోట పందెం ఎందుకని అడిగేవాళ్లు ఏటా పెరుగుతున్నారు.

వాళ్ల విసుగులో న్యాయం ఉంది. కానీ దోషం రోడ్డు మీద మోపడం అన్యాయం. మొనాకోలో ఉత్కంఠ పోలేదు, ఆదివారం పందెం నుంచి, బయల్దేరే వరుసను తేల్చే శనివారం క్వాలిఫైయింగ్‌కు జరిగింది. ఆదివారం చప్పబడడానికి కారణం కార్లు.

ముందు రోడ్డు సంగతి. ఆంటొనీ నోగెస్ పట్టుబట్టి తన ఊరి వీధుల్లోనే పందెం పెట్టించాడు. 1929 ఏప్రిల్ 14న జరిగిన ఆ మొదటి పందేన్ని విలియం గ్రోవర్-విలియమ్స్ బుగాటి కారులో గెలిచాడు. అక్కడక్కడా మార్పులు జరిగినా అసలు దారి నేటికీ అదే. రేవు పక్క నుంచి సెయింట్ దెవోత్ మలుపు తిరిగి కొండెక్కాలి, కసినో ముందు నుంచి దిగాలి, హోటల్ దగ్గర వెనక్కి మళ్లాలి, సొరంగంలో దూసుకెళ్లి మళ్లీ సముద్రపు ఒడ్డుకు రావాలి. చుట్టు 3.337 కిలోమీటర్లు, మలుపులు 19, ఆదివారం 78 చుట్లు.

ఇవి ఊరి జనం రోజూ తిరిగే రోడ్లు. పందెం వారంలోనూ సాయంత్రాలు మామూలు వాహనాలకు తెరుస్తారు. అందుకే ప్రాక్టీసు మొదలయ్యేసరికి దుమ్ము, నూనె మరకలు ఉంటాయి, టైరుకు పట్టు చిక్కదు. కార్లు తిరిగేకొద్దీ రబ్బరు అంటుకుని పట్టు పెరుగుతుంది. డ్రైవరు కూడా దాంతోపాటే పెరగాలి. మొదటి రోజే తెగించినవాడు కంచెకు గుద్దుకుంటాడు. తెలిసినవాడు మొదట ఇనుప కంచెకు చేతివెడల్పు దూరం ఉంచుకుని, చుట్టు చుట్టుకూ ఆ దూరాన్ని తగ్గించుకుంటూ వస్తాడు. శనివారం చివరి విడత క్వాలిఫైయింగ్‌కు టైరు పక్కభాగం కంచెను రాసుకుంటూ పోతుంది.

హోటల్ ముందు మలుపు ఫార్ములా వన్‌లోకెల్లా నెమ్మదైనది. అక్కడ వేగం గంటకు 50 కిలోమీటర్లకు దిగిపోతుంది. మామూలు స్టీరింగ్‌తో అది తిరగదు కాబట్టి చక్రాలు ఇంకా ఎక్కువగా పక్కకు తిరిగేలా ఈ ఒక్క పందెం కోసం అమరిక మారుస్తారు. కాసేపటికే సొరంగం. ఎండలోంచి చీకట్లోకి, చీకట్లోంచి మళ్లీ ఎండలోకి దాదాపు 290 కిలోమీటర్ల వేగంతో వచ్చి, గతుకుల దిగుడులో బ్రేకు వేయాలి. స్విమ్మింగ్ పూల్ పక్క మలుపుల్లో లోపలి కంచె కొన కనబడదు, గుర్తు మీద తిప్పాలి. 2021లో లెక్లేర్ అక్కడే గుద్దుకున్నాడు. అప్పటికే అతనిదే అందరికన్నా వేగమైన చుట్టు కాబట్టి పోల్ (అందరికన్నా ముందు బయల్దేరే స్థానం) దక్కింది, కానీ కారు దెబ్బతిని పందెంలో బయల్దేరనే లేకపోయాడు.

1988 క్వాలిఫైయింగ్‌లో అయర్టన్ సెన్నా తన జట్టు సహచరుడు అలాన్ ప్రోస్ట్ కన్నా 1.427 సెకన్లు ముందున్నాడు. ఇద్దరివీ ఒకే రకం మెక్‌లారెన్ కార్లు. మరునాడు పందెంలో సెన్నా భారీ ఆధిక్యంలో ఉండగా సొరంగానికి ముందున్న పోర్టియే మలుపులో కంచెకు గుద్దుకుని ఓడిపోయాడు. 2025లో లాండో నోరిస్ 1 నిమిషం 9.954 సెకన్లలో చుట్టు పూర్తి చేసి పోల్ సాధించాడు. రెండో స్థానంలో ఉన్న లెక్లేర్‌కూ అతనికీ తేడా సెకనులో పదో వంతు. వేలెడంత తప్పుకు కారు ముక్కలయ్యే చోట అంత దగ్గరి పోటీ మరెక్కడా చూడలేం. డ్రైవరు చేతి పనితనాన్ని ఇంత సూటిగా కొలిచే రోడ్డు మరొకటి లేదని నా నమ్మకం.

అయితే దాటలేకపోవడం ఈనాటి సమస్య మాత్రమే కాదు. 1992లో నైజెల్ మాన్సెల్ కొత్త టైర్లతో, ఎంతో వేగవంతమైన విలియమ్స్ కారుతో చివరి చుట్లలో సెన్నా వెనక అటూ ఇటూ తిరిగాడు. దాటలేకపోయాడు. తేడా 0.215 సెకన్లు. అంతకు ముప్పై ఒక్క ఏళ్ల ముందు, 1961లో స్టిర్లింగ్ మాస్ శక్తి తక్కువైన లోటస్‌తో వంద చుట్ల పందెంలో ఫెరారీలను చివరిదాకా నిలువరించి 3.6 సెకన్ల తేడాతో గెలిచాడు. ఆ రెండు పందేల్లోనూ చివర్లో ముందున్నవాణ్ని దాటగలిగినవాడు లేడు. అయినా ఈనాటికీ జనం వాటి గురించి చెప్పుకుంటారు. ఎందుకంటే ముందున్నవాడు తన శక్తి మేరకు నడుపుతున్నాడు, ఏ క్షణాన్నయినా తప్పు చేయవచ్చు.

ఆ అవకాశమే నేడు కరువైంది. 1980లలో డ్రైవరు ఒక చేత్తో గేరు మారుస్తూ ఒక చేత్తో తిప్పాలి, ఒక్క గేరు తప్పితే వెనకవాడికి సందు దొరికేది. ఇంజన్లు ఆగిపోయేవి. 1982లో చివరి చుట్లలో చినుకులు పడ్డాయి. ముందున్న ప్రోస్ట్ కంచెకు గుద్దుకున్నాడు, పత్రేసే కారు గిర్రున తిరిగి ఆగిపోయింది, పిరోనీ కారు సొరంగంలో నిలిచిపోయింది, డి చేసారిస్‌కు పెట్రోలు అయిపోయింది, డేలీ గేరుపెట్టె పాడైంది. పల్లంలో కారు దొర్లించి ఇంజన్ రాజేసుకున్న పత్రేసేయే చివరికి గెలిచాడు. గెలిచిన సంగతి కొంతసేపటి దాకా అతనికే తెలియలేదు.

ఇప్పుడు కార్లు అరుదుగా ఆగుతాయి. పైగా పెరిగిపోయాయి. 1992లో డ్రైవరు లేకుండా కనీస బరువు 505 కిలోలు, 2025లో డ్రైవరుతో కలిపి 800. అప్పటి పొడవు దాదాపు ఐదున్నర మీటర్లు. ఎవరూ దాటలేరని తెలిసినవాడు టైర్లు ఆదా చేసుకోవడానికి కావాలనే చుట్టుకు మూడు నాలుగు సెకన్లు నెమ్మదిస్తాడు, వెనక అందరూ బారులు తీరతారు. అసలు జబ్బు ఇదే.

2025లో దీనికి మందుగా టైర్లు మార్చుకోవడానికి ఆగే పిట్ స్టాపులు రెండు తప్పనిసరి చేశారు. జరిగింది తలకిందులు. లియామ్ లాసన్ వెనకవాళ్లను ఆపి, తన సహచరుడు ఇసాక్ హజ్జార్ స్థానం పోకుండా పిట్‌కు వెళ్లివచ్చేందుకు ఖాళీ సృష్టించాడు. విలియమ్స్ జట్టూ అదే ఎత్తు వేసింది. పందెంలో నెమ్మదిగా నడపడం నేర్పుగా మారితే ఆ నిబంధన తప్పు.

ఇదే రోడ్డు మీద విద్యుత్తుతో నడిచే ఫార్ములా ఈ కార్లు పరిగెత్తినప్పుడు ఎన్నోసార్లు ఒకరినొకరు దాటుకుంటారు. ఆ కారు వెడల్పు 1.7 మీటర్లు, పొడవు ఐదు మీటర్లు. హైదరాబాదీలు 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున వాటిని కళ్లారా చూశారు. ఆ రోజు జాన్-ఎరిక్ వెర్న్ చివరి చుట్లలో నిక్ క్యాసిడీని వెనకే నిలిపి అరసెకను లోపు తేడాతో నెగ్గాడు. గోడల మధ్య పందెం ఎలా బిగుసుకుంటుందో మనవాళ్లకు ఆనాడే తెలిసింది.

2026 నిబంధనలు ఫార్ములా వన్ కారు వెడల్పును 10 సెంటీమీటర్లు, చక్రాల మధ్య దూరాన్ని 20 సెంటీమీటర్లు, బరువును దాదాపు 30 కిలోలు తగ్గించాయి. దిశ సరైనదే, కానీ ఇది చాలదు. మొనాకోతో ఒప్పందం 2035 దాకా ఉంది కాబట్టి మరింత కుదించడానికి వ్యవధి ఉంది. అంతదాకా మొనాకో చూడాలనుకునేవారు ఆదివారం పందెం కన్నా ముందు శనివారం క్వాలిఫైయింగ్ చివరి విడతను, వీలైతే డ్రైవరు తల దగ్గరి కెమెరా నుంచి, చూడండి.